బహుకళానిధి భానుమతి

అవధానమును గూర్చి మీరు వినియుందురు. అష్టావధాని సభామధ్యమున కూర్చుండి, ఒకరికి సమస్యను పూరించుచు, మరియొకరికి దత్తపది చెప్పుచు, వేరొకరు కోరిన వర్ణనము చేయుచు, నడుమ నడుమ అప్రస్తుత ప్రసంగమునకు బదులు పలుకుచు, మ్రోగిన గంటల లెక్కను సైతము తప్పక చెప్పును. ఎనిమిది పనులను ఎనమండ్రు చేసిన వింత లేదు; ఒక్కరే ఏకాగ్రత చెడకుండ నిర్వహించుటయే వింత. తెలుగు చలనచిత్ర రంగమున అట్టి అవధానమును దాదాపు అరువది సంవత్సరములు నడిపిన స్త్రీ యొకరు కలరు. ఆమె నటి, గాయని, సంగీతకర్త, దర్శకురాలు, నిర్మాత, స్టూడియో యజమానురాలు, కథారచయిత్రి. ఆమెయే శ్రీమతి భానుమతీ రామకృష్ణ. ఆమె జీవితమును తెలిసికొన్నచో, చలనచిత్రమను కళ మన దేశమున ఎట్లు పెరిగినదో, అందు స్త్రీకి స్థానము ఎట్లు ఏర్పడినదో కూడ తెలిసికొన్నట్లగును.

మొదట ఆనాటి పరిస్థితిని గ్రహింపవలెను. తెలుగున తొలి వాక్చిత్రము ‘భక్త ప్రహ్లాద’. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున అది 1932లో వెలువడినది. అందు లీలావతి పాత్ర ధరించిన సురభి కమలాబాయి తెలుగు తెరకు తొలి కథానాయిక. ఆమె సురభి నాటక కుటుంబములకు చెందినది కావున స్త్రీ రంగమెక్కుట ఆమెకు క్రొత్త కాదు. కాని సురభి వారి వంటి కొలది సమాజములను విడిచినచో, ఆనాటి నాటకములలో స్త్రీ పాత్రలను పెక్కు తావుల పురుషులే ధరించుచుండిరి. సత్యభామ వేషమున స్థానం నరసింహారావు గడించిన కీర్తి మీరు వినియే యుందురు. ‘తిరిగి ఆడది చెడును, తిరుగక మగవాడు చెడును’ అను సామెత ఇంటింట వినవచ్చు దినములవి. గౌరవ కుటుంబముల వారు తమ కుమార్తెలను చలనచిత్రములకు పంపుటకు సమ్మతించెడివారు కారు. నటియైన స్త్రీని తెరపై చూచి కన్నీరు కార్చిన వారే, ఆమె వీధిలో ఎదురైనచో మొగము త్రిప్పుకొనెడివారు.

అట్టి కాలమున, 1925వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన, ఒంగోలు ప్రాంతమునందలి దొడ్డవరమను పల్లెలో భానుమతి జన్మించెను. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య, తల్లి సరస్వతమ్మ. తండ్రి శాస్త్రీయ సంగీతమునందు మిక్కిలి అభిమానము కలవాడు. కుమార్తె కంఠమాధుర్యమును బాల్యముననే గుర్తించి, తానే గురువై ఆమెకు సంగీతము నేర్పెను. ఆ యింట పాట ప్రదర్శనకై నేర్చిన విద్య కాదు. నిత్యము చేయు దేవతార్చన వంటిది. తరువాతి కాలమున ఆమెకు కీర్తియు, ధనమును, అధికారమును తెచ్చిన వానికన్నింటికి మూలధనము ఈ బాల్యవిద్యయే యని గుర్తుంచుకొనుడు.

కాళ్ళకూరి నారాయణరావు రచించిన ‘వరవిక్రయము’ నాటకము వరకట్న దురాచారమును తూర్పారబట్టిన ప్రసిద్ధ రచన. చిత్తజల్లు పుల్లయ్య దానిని చలనచిత్రముగా తీయబూని, పాడగల బాలిక కొరకు వెదకుచుండెను. ఆ కాలమున తెలుగుదేశమున స్టూడియోలు మిక్కిలి అరుదు. కలకత్తాలోని ఈస్టిండియా ఫిల్ము కంపెనీ వంటి సంస్థల యొద్ద చిత్రములు తయారగుచుండెను. తండ్రి వెంట పదమూడేండ్ల భానుమతి కలకత్తాకు వెళ్ళి, కట్నమను రక్కసికి బలియైన కాళింది పాత్రను ధరించెను. చిత్రము 1939లో విడుదలయ్యెను. కుమార్తెను చిత్రములకు పంపిన ఆ తండ్రి, కథానాయకుడు ఆమెను తాకరాదను నియమమును కూడ పెట్టెనని చెప్పుదురు. నేటి పిల్లలకు ఈ మాట వింతగా తోచవచ్చును. కాని లోకనిందకు వెరచియు, కుమార్తె విద్య వృథా పోరాదని కోరియు, ఈ రెంటి నడుమ నలిగిన తండ్రి మనస్సు అందు కనబడును.

‘మాలతీ మాధవము’, ‘ధర్మపత్ని’ మొదలగు చిత్రముల తరువాత 1943లో ‘కృష్ణప్రేమ’ వచ్చినది. ఆ చిత్రమునకు సహాయ దర్శకుడుగా పనిచేయుచుండిన పి. ఎస్. రామకృష్ణారావును ఆమె అదే సంవత్సరము ఆగస్టు 8వ తేదీన వివాహమాడెను. వివాహానంతరము చిత్రములు మాని గృహిణిగా నుండవలెనని ఆమె సంకల్పము. అంతటితో ఆమె కథ ముగిసియే యుండెడిది. కాని ప్రసిద్ధ దర్శకుడు బి. ఎన్. రెడ్డి ‘స్వర్గసీమ’ యను చిత్రమున ఒక ప్రధాన పాత్రకు ఆమెయే తగినదని యెంచి అడుగగా, భర్త సమ్మతించి ప్రోత్సహించెను.

1945లో వెలువడిన ‘స్వర్గసీమ’ ఆమె జీవితమునకు మలుపు. అందు చిత్తూరు నాగయ్య కథానాయకుడు. భానుమతి వీధులలో ఆడి పాడు సుబ్బిగా ప్రవేశించి, నాటకరంగమున సుజాతాదేవిగా మారి, ఒక సంసారమును చెదరగొట్టు స్త్రీగా నటించెను. మంచి పాత్రలే ధరించి మంచి పేరు తెచ్చుకొనవలెనని నటీమణులు కోరు దినములలో, ప్రేక్షకులు ఏవగించుకొనవలసిన పాత్రను ఆమె ఒప్పుకొనుట సాహసము. కాని ప్రేక్షకులు ఏవగించుకొనుటకు మారు ముగ్ధులైరి. అందు ఆమె పాడిన పావురము పాట ఊరూర మారుమ్రోగినది. దానిని రచించి స్వరపరచినవారు బాలాంత్రపు రజనీకాంతరావు. అమెరికా నటి రీటా హేవర్తు నటించిన ‘బ్లడ్ అండ్ శాండ్’ అను 1941 నాటి చిత్రములోని పాట పోకడ దానికి ప్రేరణయని చెప్పుదురు. తరువాత మహాగాయకుడైన ఘంటసాల చలనచిత్రములలో పాడిన తొలి పాటయు ఈ చిత్రమున భానుమతితో కలిసి పాడినదే.

ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. రీటా హేవర్తు లోకప్రసిద్ధి గాంచిన నటి, గొప్ప నర్తకి. కాని ఆమె చిత్రములలోని పాటలు పెక్కింటికి తెర వెనుక పాడినది ఇతర గాయనులే. భానుమతి యన్ననో తన పాటను తానే పాడుకొనెను. ఈ భేదము అర్థమగుటకు చలనచిత్రములో పాట ఎట్లు తయారగునో తెలియవలెను. తొలినాటి వాక్చిత్రములలో నటించుచుండగనే పాడవలసి వచ్చెడిది. మైకును, వాద్యగాండ్రను కెమెరాకు కానరాకుండ చెట్టుచాటుననో గోడచాటుననో ఉంచి, మాటను పాటను ఒక్క పర్యాయముననే పట్టుచుండిరి. కంఠము లేనివారికి ఆనాడు వేషము లేదు. పిమ్మట నేపథ్యగాన పద్ధతి వచ్చినది. ఇందు పాటను ముందుగా ధ్వనిముద్రణము చేసి, చిత్రీకరణ సమయమున దానిని యంత్రముపై వినిపింతురు. నటీనటులు దానికి సరిగా పెదవులు కదల్తురు. కావున పాడువారొకరు, కనబడువారొకరు కావచ్చును. ఈ సౌకర్యము వచ్చిన తరువాత గానము రాని నటులకును, రూపము లేని గాయకులకును మేలు కలిగినది. కాని భానుమతి మాత్రము దాదాపు ఎల్లప్పుడును తన పాత్రకు తన గొంతునే నిలుపుకొనెను. పాటలోని గమకమును, ముఖములోని భావమును ఒక్క మనస్సే నడుపుటచే ఆమె గీతములకు ప్రత్యేకమైన నిండుదనము చేకూరినది.

ఇక ధనము, ఒప్పందము, స్వాతంత్ర్యము అను విషయములకు వత్తము. తెరపై రాణివలె వెలుగు నటి తెర వెనుక నిజముగా రాణియేనా? కాదు. ఆనాడు నటీనటులు సంస్థలతో ఒప్పందములు వ్రాసికొని నెలజీతములకు పనిచేయుట పరిపాటి. ఏ చిత్రమున నటింపవలెనో, ఇతరుల యొద్ద నటింపవచ్చునో లేదో యజమానులే నిర్ణయింతురు. అందాల తారగా ఆంధ్రదేశమును ఉర్రూతలూగించిన కాంచనమాల, 1942లో వచ్చిన ‘బాలనాగమ్మ’ తరువాత ఒప్పంద వివాదమున చిక్కుకొనెను. ఆమె చిత్రజీవితము దాదాపు అంతటితో ముగిసినది. లక్షలాది జనులు మెచ్చినను, ఒక కాగితము ముందు ఆమె నిస్సహాయురాలయ్యెను.

భానుమతీ రామకృష్ణారావు దంపతులు వేరు మార్గము త్రొక్కిరి. కుమారుడు భరణి పేర భరణీ పిక్చర్సు సంస్థను స్థాపించి 1947లో ‘రత్నమాల’ను నిర్మించిరి. మద్రాసులో భరణీ స్టూడియోను కూడ నెలకొల్పిరి. ఇట్టి ప్రయత్నము పాశ్చాత్య దేశములందును అరుదే. కెనడాలో 1892లో జన్మించి అమెరికా మూకచిత్రములకు మకుటము లేని రాణియైన మేరీ పిక్‌ఫోర్డు, 1919లో చార్లీ చాప్లిన్ మున్నగువారితో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అను సంస్థను స్థాపించినది. కళాకారులే తమ చిత్రములకు యజమానులు కావలెనన్నది వారి ఆశయము. ఆ ఆశయమునే మన తెలుగు దంపతులు మద్రాసులో తమ శక్తికొలది ఆచరణమున పెట్టిరి. సొంత నీడ కలవానికి ఎండయందు బెదురుండదు. తరువాతి కాలమున ఆమె నిర్భయముగా మాటాడగలుగుటకు ఈ సొంత నీడయే కారణము.

భరణీ సంస్థ చిత్రములలో అక్కినేని నాగేశ్వరరావు నటించిన ‘లైలా మజ్ను’ 1949లో వచ్చి మిక్కిలి ప్రజాదరణ పొందినది. ‘విప్రనారాయణ’ 1954లోను, వంగ రచయిత శరత్ చంద్రుని నవల ఆధారముగా తీసిన ‘బాటసారి’ 1961లోను వెలువడినవి. వీనికి రామకృష్ణారావు దర్శకుడు. కాని 1953లో వచ్చిన ‘చండీరాణి’కి భానుమతియే దర్శకత్వము వహించెను. దానిని తెలుగు, తమిళము, హిందీ అను మూడు భాషలలో తీసిరి. అనగా నేటివలె ఒక భాషలో తీసి తక్కిన భాషలలో మాటలు మాత్రము మార్చుట కాదు. ఒక్కొక్క ఘట్టమును ఆయా భాషలలో వేర్వేరుగ నటించి చిత్రించుట. పైగా అందు ఆమెది ద్విపాత్రాభినయము. ఇట్టి చిత్రములలో ఒక్క నటి ఇద్దరుగా ఒక్క దృశ్యమున కనబడుటకు సాధారణముగా కెమెరాలో ఫిల్ముయొక్క ఒక సగమును కప్పి రెండవ సగముపై ఒక వేషమును పట్టుదురు. పిదప ఫిల్మును వెనుకకు త్రిప్పి, ముందు కప్పిన సగముపై రెండవ వేషమును పట్టుదురు. కెమెరా వెంట్రుకవాసి కదలినను శ్రమయంతయు వృథా. ఇరువది యెనిమిదేండ్ల వయస్సున, నటించుచు, పాడుచు, మూడు భాషలలో అందరిచే నటింపజేయుచు ఒక స్త్రీ ఇంత భారమును వహించినదనిన, అవధానమను మాట ఆమెకు తగునా తగదా మీరే చెప్పుడు.

ఆమె నటనకు తలమానికమని పలువురు చెప్పునది 1951లో బి. ఎన్. రెడ్డి తీసిన ‘మల్లీశ్వరి’. శ్రీకృష్ణదేవరాయల కాలమున బావామరదండ్రైన నాగరాజు, మల్లీశ్వరులు ఒకరినొకరు ప్రేమింతురు. అతడు శిల్పి, ఆమె పాడి ఆడనేర్చిన పల్లెపడుచు. విధివశమున ఆమె రాణివాసము చేరును. ఒక వైపు రాజవైభవము, మరియొక వైపు తన ఊరి చెట్టునీడ. వీనిలో మనస్సు ఏది కోరునన్నది కథ. నాగరాజుగా ఎన్. టి. రామారావు నటించెను. దేవులపల్లి కృష్ణశాస్త్రి చలనచిత్రమునకు కలము పట్టినది దీనితోనే. సంగీతము సాలూరు రాజేశ్వరరావుది. మొదట అల్లరిపిల్లగా గంతులు వేసిన మల్లి, అంతఃపురమున మాటలు తగ్గించి చూపులతో దుఃఖమును తెలుపు తీరు చూచినచో, నటన యనగా కేకలు వేయుట కాదని బోధపడును. ఈ చిత్రమును చైనా దేశమున వారి భాషలో వ్రాసిన ఉపశీర్షికలతో ప్రదర్శించిరి.

ఆమె కీర్తి తెలుగునకే పరిమితము కాలేదు. జెమినీ వారు 1949లో తీసిన ‘నిషాన్’ అను హిందీ చిత్రమున ఆమె కథానాయిక. ఎం. జి. రామచంద్రన్‌తో కలిసి నటించిన ‘మలైక్కళ్ళన్’ 1954లోను, ‘అలీబాబావుం నార్పదు తిరుడర్గళుం’ 1956లోను తమిళనాట విశేషముగ ఆడినవి. 1962లో వచ్చిన ‘అన్నై’ యను తమిళ చిత్రమున పెంపుడు తల్లి వేదనను ఆమె చూపిన తీరును నేటికిని తమిళులు కొనియాడుదురు.

ఇంత ప్రజ్ఞ గలిగినను ఆమె మార్గము పూలబాట కాదు. విజయా వారి ‘మిస్సమ్మ’లో కథానాయికగా మొదట భానుమతినే నిర్ణయించి కొంత భాగము చిత్రించిరి. నడుమ పని వేళల విషయమై నిర్మాత చక్రపాణికిని ఆమెకును భేదాభిప్రాయము కలిగెను. ఒకనాడు ఆలస్యముగా వచ్చినందులకు క్షమాపణ కోరుచు లేఖ వ్రాయుమని నిర్మాత పట్టుబట్టగా, ఆమె అందుల కంగీకరింపలేదని ప్రసిద్ధి. తీసిన భాగమును విడిచిపెట్టిరి. రెండవ కథానాయికగా నుండిన సావిత్రి ప్రధాన పాత్రకు వచ్చెను. సావిత్రి పాత్ర జమునకు దక్కెను. 1955లో చిత్రము ఘనవిజయము పొంది సావిత్రి మహానటియగుటకు బాటవేసినది. ఇందెవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని మనము తీర్పు చెప్పనేల? నియమము లేనిదే వందలాది మంది పనిచేయు స్టూడియో నడువదు. ఆత్మగౌరవము లేనిదే కళాకారిణి నిలువదు. ఈ రెండును ఎదురెదురుగ నిలిచినపుడు ఏదో యొకటి చెల్లింపక తప్పదు. భానుమతి ఒక గొప్ప పాత్రనే మూల్యముగా చెల్లించినది. ఐనను తన స్థానమున వచ్చిన సావిత్రిపై ఆమె అసూయ పూనలేదు. తన వలన చిత్రరంగమునకు ఒక గొప్ప నటి లభించినదని సంతోషముతో చెప్పుకొనెడిది. గర్విష్ఠియని తన్ను నిందించిన వారికి ఇంతకంటె తగిన సమాధానము లేదు.

వయస్సు పెరిగినకొలది పాత్రలను మార్చుకొనుట యందును ఆమె వివేకము చూపినది. 1964లో ‘బొబ్బిలి యుద్ధము’న మల్లమ్మదేవిగను, 1965లో ‘అంతస్తులు’ చిత్రమున అభాగ్యయైన సోదరిగను, 1966లో ‘పల్నాటి యుద్ధము’న నాయకురాలు నాగమ్మగను నటించెను. నాగమ్మ కథ మన ప్రాంతమునకు పొరుగు కథయే. వేములపల్లి నుండి మిర్యాలగూడెము మీదుగ దక్షిణముగ పోయి, వాడపల్లి వద్ద కృష్ణానదిని దాటినచో ఆవలి ఒడ్డు పల్నాటి సీమయే. బ్రహ్మనాయుని ఎదిరించి మంత్రాంగము నడిపిన నాగమ్మను కొందరు కేవలము దుష్టురాలినిగా చిత్రింతురు. భానుమతి ఆ పాత్రకు దర్పముతోపాటు బుద్ధిబలమును కూడ ఇచ్చి, ప్రతిపక్షమున నున్న వ్యక్తియు వీరుడు కావచ్చునని చూపినది. మన కోదాడ ప్రాంతమునందలి గుడిబండ నుండి వెళ్ళిన కాంతారావు కత్తియుద్ధములతో జానపద చిత్రములను ఏలుచుండిన దినములును ఇవియే. ఆనాడు పల్లెలకు వచ్చు డేరా టాకీసులలో నేలపై కూర్చుండి చూచిన రైతుకూలీలకు పాఠశాల చెప్పలేని చరిత్రను ఇట్టి చిత్రములే కొంత చెప్పినవి.

తెరపై నటించుట చాలదన్నట్లు ఆమె కలమును కూడ చేపట్టెను. ‘అత్తగారి కథలు’ తెలుగు హాస్యమున ప్రత్యేకమైన గ్రంథము. మన లోకోక్తులలో అత్తాకోడండ్రనగా ఉప్పునిప్పులు. భానుమతి కథలలోని కోడలు అత్తగారి చాదస్తమును, అమాయకత్వమును, పట్టుదలను చూచి నవ్వుకొనునే గాని ఆమెను ద్వేషింపదు. నవ్వు వెనుక ప్రేమయుండుటచే ఆ కథలు చదివిన అత్తలును కోడండ్రును కూడ సంతోషింతురు. ఈ రచనకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ‘నాలో నేను’ అను ఆత్మకథను కూడ ఆమె రచించెను.

ఉత్తర వయస్సున ఆమె మద్రాసులోని ప్రభుత్వ సంగీత కళాశాలకు అధ్యక్షురాలుగా పనిచేసి, తండ్రి తనకిచ్చిన విద్యను పిల్లలకు పంచెను. 1974లో ‘తాతమ్మ కల’ చిత్రమున తాతమ్మగను, 1984లో ‘మంగమ్మగారి మనవడు’ చిత్రమున మంగమ్మగను క్రొత్త తరము వారికి పరిచితురాలయ్యెను. 1982లో కేవలము బాలబాలికలచేతనే నటింపజేసి ‘భక్త ధ్రువ మార్కండేయ’ను నిర్మించి దర్శకత్వము వహించెను. మద్రాసు సాలిగ్రామమున పేద పిల్లల చదువునకై పాఠశాలను నెలకొల్పెను. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ బిరుదములు ఆమెను వరించినవి. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణయని గౌరవించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1985 సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారము నొసగినది. 2005వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన చెన్నపట్టణమున ఆమె పరమపదించెను.

విద్యార్థులారా! భానుమతి కథనుండి మీరు గ్రహింపవలసినది నటులు కావలెనన్న కోరిక కాదు. ఆమె వలె పాడుటయు, నటించుటయు అందరికి అబ్బునవి కావు. కాని చిన్ననాట నేర్చిన విద్య యొక్కటి గట్టిదైనచో, దానినుండి కొమ్మలవలె ఇతర విద్యలు పుట్టుకొని వచ్చునని ఆమె జీవితము చెప్పుచున్నది. పాట ఆమెను నటిని చేసినది; నటన నిర్మాతను చేసినది; నిర్మాణము యజమానురాలిని చేసినది; జీవితానుభవము రచయిత్రిని చేసినది. ఆ పాటను నేర్పినవాడు పల్లెటూరి తండ్రి. ఆడపిల్లకు చదువేల, సంగీతమేల అని ఆ తండ్రి ఆనాడు అనుకొనియున్నచో ఏమి జరిగియుండెడిదో ఆలోచింపుడు. నేటికిని మన ఊళ్ళలో అట్టి ప్రశ్న వేయు తల్లిదండ్రులు కొందరు కలరు. వారికి బదులు చెప్పవలసి వచ్చినపుడు దొడ్డవరపు బాలిక కథను చెప్పుడు.